పెండ్లికూతురి ముఖముపై వెలుగునీడలు

పెండ్లిండ్ల కాలము వచ్చినదన్నచో, ముహూర్తము తెల్లవారుజామున నాలుగు గంటలకైనను, రాత్రి పదునొకండు గంటలకైనను, దానికి మూడు నాలుగు గంటలు ముందుగానే కల్యాణమండపములో ఒక గది తలుపు మూసికొనును. లోపల చక్రాకారపు దీపమొకటి వెలుగుచుండును. దాని యెదుట పెండ్లికూతురు కన్నులు మూసికొని కూర్చుండును. పెట్టెనిండ సీసాలును, డబ్బీలును, కుంచెలును తెచ్చికొన్న మేకప్ ఆర్టిస్టు ఆమె ముఖముపై మొదట ఫౌండేషన్ అను లేపనమును ఒకే చాయగా పరచి, పిమ్మట చెక్కిలి యెముక దిగువను, ముక్కునకు ఇరువైపులను, నొసటి అంచులను, దవడ క్రిందను ముదురు గోధుమవన్నె పూసి, ముక్కుదూలము మీదను, కనుబొమల క్రిందను, చెక్కిళ్ల యెత్తులందును మెరుపుపొడి అద్ది, బుగ్గలకు ఎరుపు తేలునట్లు బ్లష్ రాచి, ఈ మూడింటి సరిహద్దులును కంటికి కానరాకుండ పోవువరకు తడిస్పాంజితో మెల్లమెల్లగా తట్టుచుండును.

కాంటూర్, హైలైట్, బ్లష్ అను మాటలు ఒకప్పుడు మద్రాసు, హైదరాబాదు స్టూడియోల మేకప్ గదులవారికి తప్ప ఇతరులకు తెలియవు; నేడు తాడేపల్లిగూడెములోను, సిద్దిపేటలోను ఇంటర్మీడియెట్ చదువు ఆడపిల్లలు వీనిని వ్యాకరణసూత్రములకన్న తేలికగా వల్లించుచున్నారు. ముందువరుస కుర్చీలలో కూర్చున్న పెద్దమ్మలు మాత్రము, అడ్డుతెర తొలగినపుడు కనబడిన ముఖమును చూచి, ఇది మన పిల్లేనా యని ఒకరినొకరు పొడుచుకొని నవ్వుచున్నారు. ఆ నవ్వులో తమ కాలమున తమకీ భోగము లేకపోయెనన్న దుగ్ధ కొంత యున్నది. న్యాయమును కొంత యున్నది.

ఈ విద్యను తిట్టుటకై నేను కలము పట్టలేదు. దీనిని పాశ్చాత్యుల పైత్యమనువారు మన శాస్త్రములను చదువలేదనియు, దీనిని మోసమనువారు మన రంగస్థలమును చూడలేదనియు ముందే చెప్పుచున్నాను. నా అభియోగము వేరు. దీపము ఎచ్చట నున్నదో, చూచువాడెంత దూరమున నున్నాడో, ఏ దిక్కునుండి చూచుచున్నాడో ముందుగా నిర్ణయించుకొని పుట్టిన విద్య ఇది. ఆ మూడింటిలో ఏ యొక్కటియు స్థిరముగా నుండని పెండ్లిపీటల మీదికి దీనిని తెచ్చితిమి. తెచ్చి యూరకుండక, దీనిచేతనే మన పిల్లల మేనిచాయను తుడిపించుచున్నాము. మొదటిది అవివేకము, రెండవది అపచారము.

రంగుతో ముఖమునకు ఎత్తుపల్లములు కల్పించుటలోని మర్మము మనుష్యుని కంటిలోనే యున్నది. సూర్యుడైనను చంద్రుడైనను మన నెత్తిమీదనుండియే వెలుగు నిచ్చుచున్నారు. భూమి క్రిందినుండి వెలుగు వచ్చుట ఏ తరమువారును ఎరుగరు. ఈ వాడుకకు లోబడిన కన్ను, పైభాగము తెలుపెక్కి క్రిందిభాగము నలుపెక్కిన దానిని ఉబ్బెత్తుగాను, అది తలక్రిందులైన దానిని గుంటగాను విచారింపకయే గ్రహించును. కావుననే చెక్కిలి క్రింద నీడ గీచినంతనే ఎముక పైకి తేలుచున్నది. ముక్కు ప్రక్కల ముదురువన్నె దింపి నడుమ సన్నని వెలుగుగీత నిలిపినంతనే ముక్కు కోసుగా కనబడుచున్నది. చర్మము వెంట్రుకవాసియైనను కదలలేదు. కదలినది చూచువాని బుద్ధియే.

ఈ మర్మము మన చిత్రకారులకు తెలియనిది కాదు. విష్ణుధర్మోత్తరము మూడవ ఖండములోని చిత్రసూత్రము, పల్లమును ఎత్తును వేరుపరచి చూపగలవానినే చిత్రవేత్త యన్నది. నీడ వేయు పద్ధతికి వర్తన మని పేరు పెట్టి, ఆకు ఈనెల వంటి గీతలతో వేయునది పత్రజమనియు, అతిసూక్ష్మరేఖలతో వేయునది ఐరికమనియు, చుక్కలతో వేయునది బిందుజమనియు మూడు తెరగులు చెప్పినది. అజంతా మొదటి గుహలోని పద్మపాణి ముఖమును శ్రద్ధగా చూచినవారికి, ముక్కుదూలముపై తెలుపు ఎట్లు వెలుగుగా నిలిచినదో, కనురెప్పల దిగువ నీడ ఎట్లు ఒదిగినదో తెలియును. నేటి హైలైటరు కూర్చుండు చోటులకును ఆనాటి చిత్రకారుడు తెల్లవన్నె నిలిపిన చోటులకును భేదము స్వల్పము. మన లేపాక్షి చిత్రములు వేరుదారి పట్టినవి. పదునారవ శతాబ్దినాటి ఆ వీరభద్రాలయపు కప్పుమీది స్త్రీపురుషులకు నీడ లేదు, లోతు లేదు. తెగిన రేఖ, నిండైన రంగు, ప్రక్కకు తిరిగిన ముఖము, అందులో ఒక్క పెద్దకన్ను. అయినను ఆ ముఖములు పేలవములని ఎవడును అనలేదు. సౌందర్యమునకు నీడ యొక్కటే త్రోవ కాదనుటకు అనంతపురపు సీమలోనే సాక్ష్యమున్నది.

అలంకారము సంగతి చూతము. కాళిదాసుని మేఘసందేశములో అలకాపురి కాంతలు లొద్దుగపూల పుప్పొడితో ముఖములకు తెల్లనికాంతి తెచ్చుకొందురు. మన ప్రబంధనాయికల చెక్కిళ్లమీద చెలికత్తెలు కస్తూరితో మకరికాపత్రములు వ్రాయుదురు. ఇప్పటికిని మన పెండ్లికూతురికి బుగ్గచుక్క పెట్టుదుము, పాదములకు పారాణి పూయుదుము, కన్నులకు కాటుక తీర్చుదుము. వీనిలో ఏదియు తన్ను తాను దాచుకొనదు. బుగ్గచుక్కను చూచి ఇది పుట్టుమచ్చ యని భ్రమపడినవాడు తెలుగునేల మీద లేడు. కాంటూర్ అట్టిది కాదు. అది తాను లేనట్లు కనబడినపుడే సఫలము. ఉన్నదని తెలిసిన క్షణముననే విఫలము. అందుచేత దీని చుట్టము అలంకారములో లేదు, అభినయములో నున్నది.

అభినయశాస్త్రము దీనికి గొప్ప స్థానమే ఇచ్చినది. భరతుడు ఆహార్యాభినయమును పుస్తము, అలంకారము, అంగరచన, సజీవము అని నాలుగుగా విభజించి, దేహమునకు రంగు పూయుటను అంగరచన యన్నాడు. తెలుపు, నీలము, పసుపు, ఎరుపు అను నాలుగు మూలవర్ణములనుండి మిగిలిన వానిని కలుపుకొనుమని చెప్పినాడు: తెలుపు పసుపుల కలయికచే పాండువు, తెలుపు ఎరుపుల కలయికచే పద్మవర్ణము, నీలము పసుపుల కలయికచే హరితము, ఎరుపు పసుపుల కలయికచే గౌరము. పిమ్మట ఏ పాత్రకు ఏ రంగో చెప్పుచు, ఆంధ్రులను, ద్రమిళులను, దాక్షిణాత్యులను తరచుగా నల్లనివారినిగా చూపవలెనన్నాడు. ఇది చదివి మనము చిన్నబుచ్చుకొన పనిలేదు. ఉత్తరాదివారు నవ్వ పనియు లేదు, ఏలయనగా అదే పట్టికలో కాశీవారును కోసలవారును మన ప్రక్కనే కూర్చున్నారు. గమనింపవలసినదేమనగా, రెండువేల యేండ్లనాటి ఆ మునికి నలుపు ఒక పాత్రలక్షణము, ఒక దేశపు గుర్తు. ఆంధ్రుని వేషము కట్టవలెనన్నచో నటునికి నల్లరంగు పూయుమన్నాడు. మనమిప్పుడు ఆంధ్రకన్యను కూర్చుండబెట్టి ఆ నలుపు మీద తెలుపు పూయుచున్నాము.

నాటకము వారికి ఈ విద్య ప్రాణము. పూర్వము కూచిపూడి భాగవతులు ఊరి నడిబొడ్డున రాత్రులు ఆడునపుడు, కాగడాలు రెండు ప్రక్కల పట్టుకొని, పాత్రప్రవేశమున గుగ్గిలము చల్లి భగ్గున మండించెడివారు. ఆ యెర్రని, చంచలమైన వెలుతురులో, నూరడుగుల దూరమున అరుగుమీద కూర్చున్న ముసలివానికి సత్యభామ కోపము తెలియవలెనన్నచో, అర్దళము దట్టముగా పూసిన పచ్చని ముఖము, కాటుక సాగదీసిన కన్ను, నల్లగా దిద్దిన కనుబొమ తప్పవు. బాపట్లలో 1902 లో పుట్టిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా, చింతామణిగా, రోషనారగా రంగమెక్కినపుడు మగవాని దవడ ఎముక ఎక్కడికి పోయెనో ప్రేక్షకులెరుగరు. చీర కట్టు, నడక, చూపు చేసిన పనిలో రంగు చేసిన పనియు కలిసిపోయినది. 1956 లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. ఆ వేషము మోసమని ఎవరైన అన్నారా? అనలేదు, ఏలయనగా తెర పడిన తరువాత కొబ్బరినూనె రాచి ముఖము తుడుచుకొని నరసింహారావుగారు నరసింహారావుగారుగానే ఇంటికి పోయిరి. వేషమునకు తీసివేయు గడియ యొకటి నిర్ణీతమై యుండుటయే దాని మర్యాద.

ఐరోపా రంగస్థలమునకు ఇదే యవసరమును తీర్చినవాడు లైఖ్నర్ అను జర్మను సంగీతనాటక గాయకుడు. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున ఆయన నూనెరంగులను కడ్డీలుగా పోసి నంబర్లు వేసి అమ్మెను. దంతపుచాయగల 5వ నంబరును, ఇటుకచాయగల 9వ నంబరును కలిపి రాచుకొనుట నటులకు తరతరాల వాడుక అయినది. ఆ రంగు దళసరి. సినిమా వచ్చి కెమెరా ముఖము దగ్గరకు జరిగినపుడు ఆ దళసరి పొర నవ్విన చోట నెఱ్ఱెలు విచ్చెను. పోలండులో పుట్టి 1904 లో అమెరికా చేరిన మాక్స్ ఫ్యాక్టర్ అను విగ్గుల పనివాడు 1914 లో సినిమాకు తగిన పలుచని లేపనమును తయారుచేసినది అందుకే.

ఆ తొలికాలపు ఫిల్ముకు ఒక విచిత్రగుణ ముండెను: ఎరుపు దానికి కనబడదు. ఎర్రని పెదవి తెరమీద నల్లగా పడును. బుగ్గకు ఎరుపు రాచినచో అచ్చట గుంట పడినట్లుండును. అనగా నేడు చెక్కిలికి నీడ కల్పించుటకు గోధుమవన్నె వాడినట్లే, ఆనాడు ఎరుపే నీడయై కూర్చుండెడిది. పెదవులకు ఎర్రని రంగు మాని అన్యవర్ణములు వేయవలసి వచ్చినది. 1920ల చివర అన్ని రంగులను గ్రహించు ఫిల్మును, తంతి కాగి వెలుగు దీపములును రాగానే ఆ లెక్కలన్నియు తారుమారై, 1928 లో మాక్స్ ఫ్యాక్టర్ మరల కొత్త రంగులు కలుపవలసి వచ్చినది. తరువాత వర్ణచిత్రములు వచ్చెను; 1937 లో పాన్‌కేక్ అను బిళ్లరంగు పుట్టెను. నటీమణులు దానిని స్టూడియోనుండి ఇంటికి పట్టుకొనిపోవుచుండగా, అమ్మకమునకే పెట్టుట మేలని కంపెనీ తలంచెను. స్టూడియో గడప దాటి రంగు వీధిలో అడుగుపెట్టిన గడియ అదియే.

ఈ కథనంతయు ఇంత విపులముగా చెప్పుటకు కారణమున్నది. ప్రతి మలుపులోను మొదట మారినది దీపము, లేదా ఫిల్ము. రంగు దాని వెనుక నడచినది. ముఖము ఏ మలుపులోను మారలేదు. మార్కస్ బార్ట్లీ 1957 లో మాయాబజారును చిత్రించినపుడు శ్రీకృష్ణుని నీలిమను చూపుటకు ఆయనకున్నవి నలుపు తెలుపుల నడుమ బూడిదవన్నె మెట్లు మాత్రమే. రంగు పూసిన చేయియు, దీపము నిలిపిన చేయియు ఒక్క బుద్ధితో పనిచేసినవి కనుకనే ఆ ముఖము నేటికిని మన పూజాగృహములలోని కృష్ణునికి పోలికయై నిలిచినది. ఆరేండ్లకు, 1963 లో, లవకుశ పూర్తి రంగులలో వచ్చినది. ఆనాటి మేకప్ వారు పాత లెక్కలు కట్టిపెట్టి కొత్త లెక్కలు నేర్చిరి.

సికిందరాబాదులో పుట్టిన తమిళ రచయిత అశోకమిత్రన్ మద్రాసు జెమినీ స్టూడియోలో ఉద్యోగము చేసిన కాలమును గూర్చి వ్రాసిన జ్ఞాపకములలో, అచ్చటికి పాన్‌కేక్ లారీలకొద్ది వచ్చెడిదనియు, చూడచక్కనివారు సైతము ఆ మేకప్ గదినుండి వికారరూపులై వెలువడెడివారనియు హాస్యమాడెను. హాస్యములో నిజమున్నది. స్టూడియో దీపముల క్రింద తెరమీద సహజముగా కనబడుటకు మనుష్యుడు మనుష్యుల యెదుట అసహజముగా నుండవలెను. తెరకును కంటికిని ఒకేసారి నచ్చు ముఖము తయారుచేయుట ఆనాటి ఘనులకే సాధ్యము కాలేదు.

మన కాలమునకు వత్తము. అమెరికాలో కెవిన్ ఆకోయిన్ అను మేకప్ కళాకారుడు 1997 లో వెలువరించిన గ్రంథములో వెలుగునీడల చేత ఒకే ముఖమును పలు ముఖములుగా చూపి ఈ విద్యను గృహస్థుల చేతికిచ్చెను. దానికి చాల ముందునుండియే స్త్రీవేషధారులగు మగవారు తమ రాత్రిప్రదర్శనలలో దీనిని సానపట్టుచు వచ్చిరి. 2012 లో కిమ్ కర్దాషియన్ తన ముఖముపై గోధుమ, తెలుపు పట్టెలు కలుపకుండ నున్న ఛాయాచిత్రమును లోకమునకు చూపినది. అంతటితో ఆ పట్టెలు ప్రపంచమంతట ఆడపిల్లల అద్దముల ముందునకు వచ్చినవి. ఎందుకు వచ్చినవి? ఫోను కెమెరా చేతిలోనికి వచ్చినందున. ఫోనుమీది ఫ్లాషు గాని, చక్రాకారపు దీపము గాని ముఖమునకు సూటిగా ఎదుటనుండి వెలుగు కొట్టును. ఎదుటివెలుగునకు నీడలు నిలువవు. చెక్కిలి, ముక్కు, దవడ అన్నియు ఒకే పలక మీద అతికించినట్లు చదునగును. దేవుడిచ్చిన నీడలను దీపముతో చెరిపివేసి, ఆ చెరిగిన నీడలను డబ్బులిచ్చి మరల గీయించుకొనుచున్నాము. దీపమును ఒక మూరెడు ప్రక్కకు, ఒక మూరెడు పైకి జరిపినచో సగము పని ఉచితముగా అయిపోవును! ఈ సంగతి మంచి ఛాయాగ్రాహకులందరును ఎరుగుదురు, అడుగువారే లేరు.

పెండ్లిపందిరి స్టూడియో కాదు. అచ్చట వీడియోవారి దీపము ఎడమనుండి, హోమపు మంట క్రిందినుండి, తెల్లవారుచున్న ఆకాశము గుమ్మమునుండి, రంగురంగుల బల్బులు నలుదిక్కులనుండి వెలుగుచుండును. పైనుండి వెలుగు వచ్చునని నమ్మి గీచిన నీడ, హోమాగ్ని క్రిందినుండి వెలిగినపుడు ముఖముపై మసియంటినట్లగును. కెమెరా ఎదుట నున్నది. కాని జీలకర్రబెల్లము తలపై పెట్టుచు జేనెడు దూరమునుండి చూచు వరుడును, ప్రక్కన కూర్చున్న మేనమామయు, వెనుకనుండి జడ సర్దు అక్కయు ఎదుట లేరు. మే నెల యెండలో చెమటపట్టును. హోమపు పొగకు కన్నులు నీరు కారును. తలంబ్రాల పసుపుబియ్యము నొసటికి అంటుకొనును. అప్పగింతల వేళ ఏడ్వక తప్పదు. మేకప్ చెదరునని అప్పగింతలలో ఏడుపాపుకొన్న పెండ్లికూతురిని నేను చూచితిని. ప్రక్కన తల్లి మాత్రము ఏడ్చుచునే యున్నది.

ఇంతవరకు చెప్పినది అవివేకము సంగతి. అది నవ్వి ఊరకుండదగినది. మేనిచాయ సంగతి నవ్వుటకు వీలులేనిది. మేకప్ గదిలో తల్లులును, పెదతల్లులును మొదట పలుకు మాట, "కొంచెము తెల్లగా కనబడునట్లు చేయుము తల్లీ" అని. ఆ మాటకు లోబడి ఫౌండేషన్ మేనిచాయకన్న ఒకటి రెండు మెట్లు తెలుపుది ఎన్నుకొందురు. మెడకును పూయుదురు, చేతులకును కొంత పూయుదురు, కాని గాజుల వెనుకనున్న మణికట్టును, చెవి వెనుక భాగమును, పారాణి పాదములును ఉన్నదున్నట్లు చెప్పివేయును. పైగా అట్టి తెల్లని లేపనములలోను పొడులలోను ఉండు టైటానియం డయాక్సైడు ఫ్లాషు వెలుగును తిరుగగొట్టి, చామనచాయ ముఖమును ఫొటోలో బూడిద పూసినట్లు చూపును. దేనికై పూసిరో దానికే చేటు! తరువాత ఆ పాలిపోయిన ముఖమునకు ప్రాణము పోయుటకు నీడలు, ఎరుపులు, మెరుపులు మరింత దట్టముగా దింపవలసి వచ్చును.

ఈ విద్యలో ఆరితేరినవారు నల్లని, చామనచాయ ముఖములకు చేయు పని వేరుగా నుండును. ముదురు చర్మముమీద నీడకన్న వెలుగు ఎక్కువ పనిచేయును. కాన వారు కాంటూరును తగ్గించి, చెక్కిలి యెత్తున బంగారువన్నె మెరుపు నొక చిటికెడు నిలుపుదురు. వెండివన్నె దగ్గరకు రానీయరు. నీడ తప్పనిచోట బూడిదకొట్టు గోధుమవన్నె మాని, ఎరుపు కలిసిన ముదురు కాఫీవన్నె పట్టుదురు. బుగ్గకు లేత గులాబీ సుద్ద పూసినట్లుండునని ఇటుకవన్నె, నేరేడువన్నె వాడుదురు. ఫౌండేషనును చేతిమీద కాక దవడ అంచున రాచి, కిటికీ వెలుతురులో సరిచూతురు. మన చర్మములో పసుపుచాయ యున్నది. గులాబీచాయ లేపనము దానిపై ఎన్నటికిని కలియదు. ఇవి గొప్ప రహస్యములు కావు. నల్లని ముఖమును నల్లని ముఖముగానే వెలిగింపవచ్చునని నమ్మినవారికి తేలికగా పట్టువడునవి. నమ్మనివారికి ఎన్ని కోర్సులు చదివినను పట్టువడనివి.

ఆ నమ్మకము మనకు లేకపోవుటకు వ్యాపారమును కొంత బాధ్యత వహింపవలెను. విదేశీ ప్రసాధనములకై పోవు డాలర్ల నాపవలెనన్న నెహ్రూ ప్రభుత్వపు తలంపుతో టాటాలు 1952 లో లాక్మే స్థాపించిరి. భారతస్త్రీ చర్మమునకు తగిన రంగులు భారతదేశముననే పుట్టవలెనన్న ఆశ అందులో నుండెను. 1975 లో ఫెయిర్ అండ్ లవ్లీ బయలుదేరి, తెలుపైన పిల్లకు ఉద్యోగమును వరుడును దొరకునను కథను నలుబదియైదేండ్లు ఇంటింట చెప్పినది. 2020 లో గాని ఆ పేరులోనుండి తెలుపు పోలేదు. 2017 లో రిహానా అను గాయని తన కంపెనీ ద్వారా ఒకేసారి 40 చాయల ఫౌండేషన్ విడుదల చేసి, ముదురుచాయవారికి కూడ సరిపోలిక రంగు దొరకవలెనను కోరిక న్యాయమైనదే కాక లాభమైనది కూడ అని వర్తకులకు తెలియజెప్పినది. నేడు ముదురుచాయలు మన దుకాణములలో కొంత మెరుగుగా దొరకుచున్నవి. దొరకనిది వానిని అడుగు నోరు.

ముక్కు సంగతి ఒక మాట. కాంటూరు పాఠములన్నియు ముక్కును సన్నము చేయుటతో ఆరంభమగును; వెడల్పైన ముక్కు ఒక దోషమైనట్లు, దానికి మందు వేయుచున్నట్లు. ఎవరి ముక్కు ప్రమాణము? తల్లి ముక్కు, అమ్మమ్మ ముక్కు, మూడు తరముల అడ్డబాస పెట్టుకొన్న ముక్కు తప్పెట్లయినది? అడ్డబాస నిలువవలెనన్న ఆ ముక్కే కావలెను. ఈ విషయమున నేను పెద్దమ్మల పక్షమే.

పొడుల పుట్టుక నెరుగుటయు మంచిది. కాంటూరు గోధుమవన్నె ఇనుపతుప్పు వర్గపు రంగులదే. ఇంటిగోడ కావికిని దీనికిని చుట్టరికమున్నది. హైలైటరు మెరుపు అభ్రకము, మన ఊళ్లలో కాకిబంగారమందురే అదియే. నెల్లూరు సీమలో గూడూరు గనులు ఆ అభ్రకమునకు ప్రసిద్ధికెక్కినవి. జార్ఖండులోని కోడెర్మా, గిరిడీ ప్రాంతములలో బడి మాని పిల్లలు అభ్రకపు ముక్కల నేరుచున్న సంగతి పత్రికలలో పలుమారులు వచ్చినది. బుగ్గమీది ఆ చిటికెడు మెరుపునకు అట్టి మూలమును ఉండవచ్చును. ఇక తెలుపు కొరకు ఎన్ని విషములు పూసికొన్నారో చరిత్ర చెప్పును: ఐరోపా దొరసానులు సీసపు తెలుపు పూసికొని చర్మమును, ప్రాణమును పోగొట్టుకొనిరి, కవెంట్రీ ప్రభుపత్ని మరియా గన్నింగ్ 1760 లో చనిపోవుటకు ఆ తెలుపే కారణమని లోకము చెప్పుకొన్నది. మన భాగవతుల అర్దళములోను పాషాణాంశ ముండెను. పేరులేని డబ్బాలలో సంతలలో అమ్ము తెలుపు క్రీములలో నేటికిని పాదరసము పట్టుబడుచున్నది. అది మూత్రపిండములను చెరచును. దానిని అట్టి క్రీములలో చేర్చుటను మన దేశపు నియమములు నిషేధించినవి. చిల్లర అంగడిలో నియమము చదువువాడెవడు?

ఈ వృత్తిమీద నాకు గౌరవము తక్కువ యని ఎవరును అనుకొనవలదు. బొల్లి మచ్చలతో, కాలిన గుర్తులతో పదిమందిలోనికి రాజాలక తలుపు వేసికొని కూర్చున్న పిల్లకు ఈ రంగు ధైర్యమిచ్చినచో, అది ఔషధముతో సమానము. ఆమె యెంత దట్టముగా పూసికొన్నను అడుగు హక్కు మనకు లేదు. చిన్న పట్టణములలో వేలకొలది స్త్రీలు బ్యూటీపార్లరు నడిపి, పెండ్లికి పెండ్లికి ప్రయాణించి, తమ సంపాదనతో పిల్లలను చదివించుచున్నారు. రాత్రి రెండు గంటలకు నిద్ర మాని నిలుచుండి చేయు పని వారిది. వారిని నిందించుట సులభము, న్యాయము కాదు. ఏలయనగా తెల్లగా చేయుమని కోరినది వారు కారు. కోరినవారి చేతిలో డబ్బున్నది. నటులును, టీవీ వార్తలు చదువువారును, వేదిక మీది నాయకులును తమ దీపములకు తగిన రంగు పూసికొందురు గాక. అది వారి పనిముట్టు. ఆ మాటకు వత్తునేని, నేడు పెండ్లికొడుకులును గంటసేపు అదే గదిలో కూర్చుండుచున్నారు; పెద్దమ్మల నవ్వు మాత్రము వారిమీదికి పోదు.

కాబట్టి మేకప్ చేయు చెల్లెండ్రకు నా విన్నపము: పెండ్లికి వారము ముందు ఒకసారి పిల్లను చక్రపు దీపము ముందు కాక ఇంటి వరండాలో, పగటి వెలుతురులో కూర్చుండబెట్టి రంగు సరిచూడుడు, దవడకును మెడకును పొందిన చాయను ఎన్నుకొనుడు, నీడ సగము తగ్గించుడు, తెలుపు చేయుమన్నవారికి చేయనని చెప్పుటకు వెనుదీయకుడు. ఛాయాగ్రాహకులకు: దీపమును పెండ్లికూతురి ముఖమున కొట్టక ప్రక్కకు, పైకి జరుపుడు. తల్లిదండ్రులకు: "కొంచెము తెల్లగా" అను మాటను ఆ గది గుమ్మములోనికి తీసికొని పోవలదు. పిల్ల వినుచున్నది. రాబోవు మాఘములో పెండ్లి తలపెట్టినవారు ఈ మాటలు అడ్వాన్సు ఇచ్చునాడే మేకప్ వారికిని, ఫొటోలవారికిని చెప్పి ఉంచవలెనని కోరుచున్నాను.